ఒక్కసారే కదా!

"స్టార్టప్‌లో పెట్టేయ్, ఒక్కసారే కదా!" జావా సర్వర్ల మీద పనిచేసేవాళ్లలో ఈ మాట అననివాళ్లను నేను చూడలేదు. డేటాబేస్ కనెక్షన్లు ముందే తెరిచి పెట్టుకోవాలా? స్టార్టప్‌లో. రేట్ల పట్టిక మొత్తం మెమరీలోకి ఎక్కించుకోవాలా? స్టార్టప్‌లో. ఉన్న క్లాసులన్నీ వెతికి ఎవరికి ఏది కావాలో జత కలపాలా? అదీ స్టార్టప్‌లోనే. సర్వర్ లేవడానికి రెండు నిమిషాలు పట్టినా అడిగేవాళ్లు లేరు. ఒకసారి లేచిందంటే నెలల తరబడి అది పడుకోదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా మా వృత్తి ఈ ఒక్క నమ్మకం మీద నడిచింది. కోట్ల వరసల కోడ్ ఆ నమ్మకంతోనే రాశాం. ఆ కోడ్‌నే తీసుకెళ్లి, క్షణానికోసారి పుట్టి పోయే సర్వర్‌లెస్ ఫంక్షన్ల మీద నడపాల్సి వచ్చినప్పుడు ఏమైందన్నది నా దృష్టిలో మా వృత్తి చరిత్రలో చాలా ముఖ్యమైన ఘట్టం. నాకది చింతామణి టమాటా మార్కెట్లో ఎదురైంది.

ముందు ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ వెబ్ సర్వర్‌తో సీజీఐ అనే పద్ధతి వచ్చింది. బ్రౌజర్ నుంచి ఒక రిక్వెస్ట్ రాగానే సర్వర్ కొత్తగా ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. అది జవాబు రాసి చచ్చిపోతుంది. ఇంకో రిక్వెస్ట్ వస్తే ఇంకో ప్రోగ్రామ్. పెర్ల్‌లో రాసిన చిన్న చిన్న స్క్రిప్టులకు అది బాగానే సరిపోయింది. జనం పెరిగేసరికి మాత్రం మెషిన్ అసలు పని మానేసి ప్రోగ్రామ్‌లను లేపడంలో, సాగనంపడంలోనే అలిసిపోయేది.

దానికి మందుగా 1997లో సన్ మైక్రోసిస్టమ్స్ సర్వ్‌లెట్లను తెచ్చింది. ఇందులో ప్రోగ్రామ్ చావదు. ఒక్కసారి లేస్తుంది, మెమరీలో కూర్చుంటుంది, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక థ్రెడ్‌ను అప్పగిస్తుంది. ఇనిట్, సర్వీస్, డిస్ట్రాయ్. ఈ మూడు పేర్లు కంఠతా పట్టి ఇంటర్వ్యూలకు వెళ్లిన తరం మాది. ఇనిట్ ఒక్కసారే జరుగుతుంది, సర్వీస్ లక్షసార్లు జరుగుతుంది. కాబట్టి బరువైన పనంతా ఇనిట్‌లో దించెయ్యి. "ఒక్కసారే కదా" అన్న మాటకు పుట్టినిల్లు ఇదే.

సర్వ్‌లెట్ల నియమాలు రాసిన పత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది. అప్పట్లో మేమెవరం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఏ పోర్టు మీద వినాలి, నెట్‌వర్క్ నుంచి వచ్చిన అక్షరాలను ఎలా విడదీయాలి, ఎన్ని థ్రెడ్లు పెట్టాలి అన్నవన్నీ సర్వ్‌లెట్లను నడిపే కంటైనర్ చూసుకుంటుంది. మన కోడ్ చేతికి వచ్చేవి రెండే: ఒక రిక్వెస్ట్ ఆబ్జెక్ట్, ఒక రెస్పాన్స్ ఆబ్జెక్ట్. ఆ రిక్వెస్ట్ ఎక్కడి నుంచి వచ్చిందో కోడ్ అడగదు. 1999లో సన్ తన సర్వ్‌లెట్ కంటైనర్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ మొదలుపెట్టిన ఆ కంటైనరే టామ్‌క్యాట్. జెట్టీ, జేబాస్, వెబ్‌లాజిక్ అని కంటైనర్లు ఎన్ని ఉన్నా మన కోడ్‌కు కనిపించేది ఆ రెండు ఆబ్జెక్టులే. ఈ ఒప్పందం దగ్గరికి మళ్లీ వస్తాను.

మాది బాగేపల్లి పక్క పల్లె. అప్పటికి చిక్కబళ్లాపురం జిల్లా లేదు, 2007 వరకు మేమంతా కోలారు జిల్లావాళ్లమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పనిచేస్తున్న సర్వర్ ఎలా ఉంటుందో నేను మొదట చూసింది తాలూకా ఆఫీసులో. కర్ణాటక ప్రభుత్వం భూమి అనే పథకం కింద రెండు కోట్ల పహణీలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. 2000 తర్వాత రెండేళ్లలోపే తాలూకాలన్నింటిలో కౌంటర్లు తెరుచుకున్నాయి. పదిహేను రూపాయలు కడితే పహణి అచ్చు తీసి చేతికిచ్చేవాళ్లు. చేత్తో రాసిన పహణీకి అక్కడితో విలువ పోయింది. మా నాయన వెంట వెళ్లి వరసలో నిలబడ్డప్పుడు కౌంటర్ వెనక ఇంకో గది కనిపించేది. మా తాలూకా భూములన్నీ ఆ గదిలో ఉన్న మెషిన్‌లోనే ఉండేవి. చింతామణివి చింతామణిలో, మావి మా దగ్గర. ఆ గది మెషిన్ ఆగితే ఊళ్లకు ఊళ్లు వెనక్కి తిరిగి పోవాల్సిందే. ఆ తర్వాతి ఏళ్లలో రికార్డులన్నీ బెంగళూరులోని డేటా సెంటర్‌కు చేరాయి. భూమి జావాలో రాసింది కాదు. అయినా సర్వర్ అంటే ఒక గది, ఆ గదిలో ఎప్పుడూ ఆరని మెషిన్ అన్న బొమ్మ మాలో గట్టిగా పడింది అక్కడే.

చిక్కబళ్లాపురంలో ఇంజనీరింగ్ చేసి, మా వైపు పిల్లలందరిలాగే బస్సెక్కి బెంగళూరులో హెబ్బాళ్ దగ్గర దిగాను. అప్పటికే స్ప్రింగ్ రాజ్యం మొదలైంది. రాడ్ జాన్సన్ 2002లో రాసిన పుస్తకంలోని కోడ్ నుంచి పుట్టిన ఈ ఫ్రేమ్‌వర్క్ 2004 మార్చిలో 1.0గా వచ్చింది. అంతకుముందు ఈజేబీలనే జావా పద్ధతితో పడిన కష్టం తెలిసినవాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట. 2008లో వెబ్ సర్వీసుల కోసం జాక్స్-ఆర్‌ఎస్ ప్రమాణం వచ్చింది, దానికి నమూనాగా జెర్సీ వచ్చింది. ఒక మామూలు క్లాసు మీద రెండు మూడు అనొటేషన్లు రాస్తే చాలు, అది వెబ్ సర్వీస్ అయిపోయేది. 2014 ఏప్రిల్‌లో స్ప్రింగ్ బూట్ వచ్చి టామ్‌క్యాట్‌ను కూడా జార్ ఫైలులోనే కలిపేసింది.

రాసేవాడికి ఇదంతా ఎంత తేలికైందో, స్టార్టప్ అంత బరువెక్కింది. అనొటేషన్ ఉన్న క్లాసు ఏదో తెలియాలంటే జార్ ఫైళ్లన్నీ తెరిచి వెతకాలి. దొరికిన ప్రతి క్లాసునూ రిఫ్లెక్షన్‌తో పరీక్షించాలి, ఎవరికి ఎవరు కావాలో లెక్క కట్టాలి, కొన్నింటికి అక్కడికక్కడే ప్రాక్సీ క్లాసులు పుట్టించాలి. హైబర్నేట్ అనే డేటాబేస్ లైబ్రరీ ఉంటే టేబుళ్ల లెక్కంతా సరిచూసుకోవాలి. పైగా జావా వర్చువల్ మెషిన్ మొదట నెమ్మదిగా నడుస్తుంది. ఏ కోడ్ ఎక్కువగా వాడుతున్నారో చూసి, దాన్ని నడుస్తుండగానే మెషిన్ భాషలోకి మారుస్తూ పోతుంది. అంటే జావా సర్వర్ లేచిన గంట తర్వాత ఉన్నంత చురుగ్గా లేచిన నిమిషంలో ఉండదు. వీటిలో ఒక్కటీ ఎవరికీ తప్పనిపించలేదు. ఎందుకంటే ఒక్కసారే కదా!

తొలి హెచ్చరిక 2009 ఏప్రిల్‌లోనే వచ్చింది. గూగుల్ తన యాప్ ఇంజిన్‌లో జావాకు చోటిచ్చింది. సర్వ్‌లెట్లు రాసి పంపిస్తే చాలు, మెషిన్ల సంగతి వాళ్లే చూసుకుంటారు, వాడకం లేకపోతే మీ ప్రోగ్రామ్‌ను దించేస్తారు, రిక్వెస్ట్ వస్తే మళ్లీ లేపుతారు. ముప్పై సెకన్లలో జవాబు చెప్పాలి, థ్రెడ్లు పుట్టించకూడదు, జావాలోని ఫలానా క్లాసులే వాడాలి అని ఆంక్షలుండేవి. పాత స్ప్రింగ్ కోడ్‌ను అక్కడికి తీసుకెళ్లినవాళ్లు దించేసిన ప్రోగ్రామ్ మళ్లీ లేవడానికి పట్టే సమయంతో తల పట్టుకున్నారు. స్టార్టప్ ఒక్కసారి జరిగేది కాదు, ఎన్నిసార్లైనా జరగొచ్చు అని మా వృత్తికి తెలియజెప్పింది యాప్ ఇంజినే. అయితే మాలో ఎక్కువమంది దాన్ని గూగుల్ వారి వింత కింద తీసిపారేసి టామ్‌క్యాట్ దగ్గరే ఉండిపోయారు.

2014 నవంబరులో అమెజాన్ ల్యాంబ్డా అనే సర్వర్‌లెస్ సేవను ప్రకటించింది. మొదట నోడ్ జేఎస్‌కు మాత్రమే. 2015 జూన్‌లో జావా 8 చేరింది, మరుసటి నెలలో వెబ్ రిక్వెస్టులను ఫంక్షన్‌కు చేర్చే ఏపీఐ గేట్‌వే వచ్చింది. ఈ రెండూ కలిస్తే వెబ్ సర్వీస్ అయినట్టే. అయితే ల్యాంబ్డాలో సర్వ్‌లెట్ లేదు, కంటైనర్ లేదు, వినడానికి పోర్టు లేదు. ఒక ఫంక్షన్ ఉంటుంది. దానికి ఒక జేసన్ మూట వస్తుంది, అది ఇంకో జేసన్ మూటను తిరిగిస్తుంది. అంతే. 2016 సెప్టెంబరులో గేట్‌వే అన్ని దారులనూ, అన్ని రకాల రిక్వెస్టులనూ ఒకే ఫంక్షన్‌కు పంపించే ఏర్పాటు చేసింది. మాలాంటి పాత కోడ్ ఉన్నవాళ్లకు తలుపు తెరుచుకున్నది అప్పుడే.

ఇక చింతామణి సంగతి. ఇక్కడి ఏపీఎంసీ యార్డులో టమాటా సీజన్‌లో పొద్దున్నే హర్రాజు మొదలవుతుంది. చుట్టుపక్కల తాలూకాల నుంచే కాకుండా ఆంధ్రా వైపు నుంచి కూడా బండ్లు వస్తాయి. ఒక్కో మండీ ముందు బాక్సులు వరసగా పేర్చి ఉంటాయి. పాట పాడేవాడు నడుస్తూ రేటు పలుకుతాడు, వెనకే గుమాస్తా రాసుకుంటూ పోతాడు. రైతు పేరు, ఊరు, బాక్సులెన్ని, పలికిన రేటెంత, కూలీ, బండి బాడుగ. చీటీ చేతిలో పడితే గానీ రైతు కదలడు. ఇంకో చోట కాఫీ తాగి ఊరికి పోయే బస్సు పట్టుకోవాలి కదా. మేము బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో ఈ చీటీల సాఫ్ట్‌వేర్‌ను నడిపేవాళ్లం. గుమాస్తా చేతిలో ఫోను, నడుముకు చిన్న ప్రింటర్, వెనకాల జెర్సీతో రాసిన జావా సర్వీసు.

ఆ సర్వీసుకు పొద్దున కొన్ని గంటలే పని. మధ్యాహ్నానికి యార్డు ఊడ్చేస్తారు. మిగతా రోజంతా, రాత్రంతా సర్వర్ ఊరికే వెలుగుతూ ఉండేది, తోడుగా ఇంకో సర్వర్ కూడా. సీజన్ పోయాక అయితే మరీ. ఆ బిల్లు చిన్న కంపెనీకి బరువే. ల్యాంబ్డాలో వాడినంతే డబ్బు: అప్పట్లో వంద మిల్లీసెకన్ల లెక్కన, 2020 డిసెంబరు నుంచి ఒక్కో మిల్లీసెకన్ లెక్కన. మా చీటీల పనికి ఇంతకన్నా సరిపోయే పద్ధతి లేదు.

కుర్రవాళ్లు అన్నీ నోడ్‌లో తిరగరాద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ జెర్సీ కోడ్‌లో ఉన్న ప్రతి షరతు వెనకా యార్డులో జరిగిన ఒక తగువు ఉంది. నాసిరకం బాక్సులు వేరు చేసినప్పుడు కూలీ ఎవరి మీద పడాలి, ఒకే బండిలో ఇద్దరన్నదమ్ముల సరుకు వస్తే బాడుగ ఎలా పంచాలి, పాట అయ్యాక కొన్నవాడు వద్దంటే చీటీ ఎలా రద్దు చేయాలి. రాసినవాళ్లలో సగం మంది వేరే చోటికి వెళ్లిపోయారు. వాళ్లు నేర్చుకున్నదంతా కోడ్‌లోనే మిగిలింది. పనిచేస్తున్న కోడ్‌ను పాతదన్న ఒక్క కారణంతో పారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడని పని.

దారి చూపించింది ఆ పాత సర్వ్‌లెట్ ఒప్పందమే. అమెజాన్ ఇంజనీర్లు ఏడబ్ల్యూఎస్ సర్వర్‌లెస్ జావా కంటైనర్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ రాశారు. దాని పనితీరును దగ్గర నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. గేట్‌వే పంపిన జేసన్‌లో ఇది పోస్ట్ రిక్వెస్టా గెట్టా, ఏ దారికి వచ్చింది, హెడర్లేమిటి, లోపలి సరుకేమిటి అన్నీ ఉంటాయి. లైబ్రరీ ఆ జేసన్‌ను విప్పి, అచ్చం టామ్‌క్యాట్ ఇచ్చేలాంటి సర్వ్‌లెట్ రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌ను తయారు చేస్తుంది. దాన్ని జెర్సీకో స్ప్రింగ్‌కో అందిస్తుంది. జెర్సీ ఎప్పటిలాగే దారి చూసి, మన క్లాసును పిలిచి, జవాబును రెస్పాన్స్ ఆబ్జెక్ట్‌లో రాస్తుంది. లైబ్రరీ ఆ రాసినదాన్ని పోగుచేసి, స్టేటస్ కోడ్, హెడర్లు, బాడీ అని మళ్లీ జేసన్‌గా కట్టి వెనక్కి పంపుతుంది. బొమ్మల్లాంటి బైనరీ సరుకైతే బేస్64లో చుట్టి పంపుతుంది. ఎక్కడా సాకెట్ లేదు, పోర్టు లేదు. జెర్సీకి మాత్రం తాను టామ్‌క్యాట్‌లో లేనన్న సంగతి తెలియదు.

మేము కొత్తగా రాసింది ఒక చిన్న హ్యాండ్లర్ క్లాసు. చీటీల క్లాసుల్లో ఒక్క వరస కూడా మార్చలేదు. 1997లో కంటైనర్‌కూ కోడ్‌కూ మధ్య గీసిన గీత ఇన్నేళ్ల తర్వాత, గీసినవాళ్లు కలలో కూడా అనుకోని చోట, పనికొచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని ఈ వృత్తిలో మళ్లీ చాలా తక్కువసార్లు చూశాను.

తర్వాతి పొద్దున మండీ నుంచి ఫోను. "ఏమక్కా, మొదటి చీటీకే ఇంత సేపు తిరగతా ఉండాది? రైతులు నా మొకం చూస్తా నిలబడుకోనుండారు."

"రెండోది ఎట్లా ఉందన్నా?"

"రెండోది టక్కున పడె. మొదటిదే."

మొదటి చీటీకి పది సెకన్లకు పైనే పట్టింది. మా భాషలో దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. రాత్రంతా పని లేక అమెజాన్ మా ఫంక్షన్‌ను దించేసింది. పొద్దున మొదటి రిక్వెస్ట్ రాగానే కొత్త పెట్టె ఒకటి తెరిచి, కోడ్‌ను దించుకుని, జావా మెషిన్‌ను లేపి, ఆపైన మేము ఇన్నేళ్లుగా స్టార్టప్‌లో పోగేసిన బరువంతా మోసి, అప్పుడు గానీ చీటీ దగ్గరికి రాలేదు. అదీ ఒకరికే కాదు. ల్యాంబ్డాలో ఒక పెట్టె ఒక సమయంలో ఒక్క రిక్వెస్ట్‌నే చూస్తుంది. టామ్‌క్యాట్‌లా రెండు వందల థ్రెడ్లు పెట్టుకుని అందరికీ ఒకేచోట వడ్డించదు. హర్రాజు అన్ని మండీల్లో దాదాపు ఒకేసారి మొదలవుతుంది. ఎన్ని మండీలు ఒకేసారి చీటీ నొక్కితే అన్ని పెట్టెలు లేవాలి, ప్రతిదీ తన స్టార్టప్ తాను మోయాలి. "ఒక్కసారే కదా" అన్నది "పెట్టెకొక్కసారి" అయింది.

ఆ ఒక్క తేడా కోడ్ అంతటా పాకింది. హికారీ అనే కనెక్షన్ పూల్ మామూలుగా పది కనెక్షన్లు తెరిచి పెట్టుకుంటుంది. ఒక సర్వర్‌కు పది అంటే పొదుపే. నలభై పెట్టెలకు నాలుగు వందలు. మై ఎస్‌క్యూఎల్ మామూలుగా ఒప్పుకునేది నూట యాభై ఒకటి. పూల్‌ను ఒకటికి కుదించాం. 2020లో కనెక్షన్లను మధ్యలో పంచిపెట్టే అమెజాన్ ఆర్‌డీఎస్ ప్రాక్సీ వచ్చాక ఆ బాధ్యత దానికి అప్పగించాం. గంటకోసారి రేట్లు తాజా చేసే షెడ్యూల్ పని ల్యాంబ్డాలో నడవదు. జవాబు ఇచ్చిన మరుక్షణం పెట్టె గడ్డకట్టిపోతుంది, లోపలి థ్రెడ్లన్నీ అక్కడికక్కడ ఆగిపోతాయి. ఆ పనిని బయటికి తీసి, గడియారం ప్రకారం పిలిచే వేరే ఫంక్షన్ చేశాం. లాగిన్ వివరాలు మెమరీలో దాచుకోవడం కూడా కుదరదు, తర్వాతి రిక్వెస్ట్ ఏ పెట్టెకు పోతుందో ఎవరికి తెలుసు? సర్వ్‌లెట్ ఒప్పందం రిక్వెస్ట్, రెస్పాన్స్‌ల వరకు అద్భుతంగా కాపాడింది. ప్రాసెస్ ఎప్పటికీ బతికే ఉంటుందన్న నమ్మకం మాత్రం ఏ ఒప్పందంలోనూ రాసి లేదు. అందరం మనసులో అనుకుని కోడ్ రాసేశాం. నొప్పి అంతా అక్కడే వచ్చింది.

ఇక మొదటి చీటీకి వైద్యం. మొదట తెలుసుకున్నది మెమరీ కిటుకు. ల్యాంబ్డాలో మెమరీ ఎంత అడిగితే ప్రాసెసర్ వాటా అంత వస్తుంది, 1,769 మెగాబైట్ల దగ్గర ఒక పూర్తి ప్రాసెసర్. మేము 512 పెట్టి పొదుపు చేశామనుకున్నాం. పెంచితే స్టార్టప్ సగానికి పైగా తగ్గింది, పని త్వరగా ముగియడంతో బిల్లూ పెద్దగా పెరగలేదు. తర్వాత అందరూ చేసిన పనే మేమూ చేశాం. అయిదు నిమిషాలకోసారి ఉత్తుత్తి రిక్వెస్ట్ పంపి ఒక పెట్టెను మెలకువగా ఉంచడం. ఒక పెట్టె మేలుకుంటుంది సరే, హర్రాజు మొదలయ్యేసరికి కావాల్సిన మిగతావి? 2019 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉన్న ఫంక్షన్ల కనెక్షన్ ఆలస్యాన్ని అమెజానే తగ్గించింది. అది మాకు అడగకుండా దొరికిన వరం. అదే ఏడాది డిసెంబరులో డబ్బు కట్టి పెట్టెలను ముందే లేపి ఉంచుకునే సదుపాయం వచ్చింది. హర్రాజు వేళకు ఇన్ని అని పెట్టుకున్నాం. పనిచేసింది. కానీ వాడినా వాడకపోయినా డబ్బు కట్టడమంటే పాత సర్వర్ అద్దెలోకి మళ్లీ వెళ్లినట్టే, అది నాకు నచ్చలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో చిత్రం జరిగింది. ల్యాంబ్డాలో హ్యాండ్లర్ తయారయ్యే దశకు పది సెకన్లు ఇస్తారు. మామూలు జిప్ ఫైలుగా పంపిన జావా కోడ్‌కు ఆ దశకు అప్పట్లో బిల్లు లేదు. పైగా ఆ కాసేపు ప్రాసెసర్ కూడా ధారాళంగా దొరికేది. అందుకని స్ప్రింగ్‌నూ జెర్సీనీ లేపే పనంతా జనం తీసుకెళ్లి ఆ దశలోనే కూర్చోబెట్టారు. పాత అలవాటే, కొత్త చోటు. పది సెకన్లు దాటిందా, ఆ లేపడమంతా మళ్లీ మొదటికొచ్చేది, ఈసారి బిల్లుతో. దానికోసం ఆ కంటైనర్ లైబ్రరీలోనే ఫ్రేమ్‌వర్క్‌ను వేరే థ్రెడ్‌లో లేపే ఏర్పాటు చేశారు.

అసలైన మలుపు 2022 నవంబరులో వచ్చిన స్నాప్‌స్టార్ట్. ల్యాంబ్డా పెట్టెలు నిజానికి ఫైర్‌క్రాకర్ అనే చిన్న వర్చువల్ మెషిన్లు. 2018లో అమెజాన్ దాన్ని ఓపెన్‌సోర్స్ చేసింది. స్నాప్‌స్టార్ట్‌లో మనం కొత్త వెర్షన్ ప్రచురించగానే వాళ్లు పెట్టెను ఒకసారి లేపి, స్టార్టప్ అంతా పూర్తిచేసి, ఆ మెషిన్ మెమరీని ఉన్నదున్నట్టు భద్రం చేస్తారు. పొద్దున మొదటి చీటీ వచ్చినప్పుడు స్టార్టప్ చేయరు, భద్రపరిచిన ఆ మెమరీని తెరుస్తారు. మొదట జావాకే ఇచ్చారు, కారణం చెప్పనక్కర్లేదు. బరువు మోసేది మేమే. మన రీజియన్‌కు వచ్చాక మేమూ మారాం. మొదటి చీటీ ఒక సెకనుకు అటూ ఇటూగా పడటం మొదలైంది. మండీ నుంచి ఫోన్లు ఆగాయి. "ఒక్కసారే" అన్న మాటకు అర్థం తిరిగొచ్చింది, వెర్షన్‌కు ఒక్కసారి.

అయితే భద్రపరిచిన మెమరీలో ఏముందో మనం తెలుసుకోవాలి. మా చీటీ నంబరు ఇలా తయారయ్యేది: సర్వీసు లేచిన క్షణంలో ఒక ముందక్షరాల గుంపును పుట్టించి దాచుకునేది, దాని పక్కన వరస సంఖ్య చేర్చుకుంటూ పోయేది. ఒక సర్వర్ ఉన్నప్పుడు అది చాలా తెలివైన పద్ధతి. స్నాప్‌స్టార్ట్‌లో ఒకే మెమరీ నుంచి నలభై పెట్టెలు తెరుచుకుంటాయి. నలభైకీ అదే ముందక్షరాలు, అదే ఒకటో నంబరు. అంటే ఇద్దరు రైతుల చేతుల్లో ఒకే నంబరు చీటీ. ప్రచురించే ముందు కూర్చుని, స్టార్టప్‌లో పుట్టే ప్రతి విలువనూ వేలు పెట్టి చదువుతుంటే ఇది కనిపించింది. ఇలాంటివాటికోసం క్రాక్ అనే జావా ప్రాజెక్టు నుంచి తీసుకున్న రెండు పిలుపులున్నాయి. మెమరీని భద్రపరిచే ముందు ఒకటి, తెరిచిన తర్వాత ఒకటి. ముందక్షరాలను తెరిచాక పుట్టించేలా, పాత డేటాబేస్ కనెక్షన్‌ను భద్రపరిచే ముందే మూసేలా మార్చాం. ఈ రోజు తేదీ ఏమిటన్నది కూడా స్టార్టప్‌లోనే ఒకచోట దాచుకుని ఉంది, దాన్నీ తీసేశాం. లేకపోతే వెర్షన్ ప్రచురించిన నాటి తేదీ వారాల తరబడి చీటీ మీద పడేది.

గ్రాల్‌వీఎంతో జావాను ముందే మెషిన్ కోడ్‌గా మార్చేసే దారి కూడా ఉంది. 2018లో 1.0గా వచ్చిన మైక్రోనాట్, 2019లో వచ్చిన క్వార్కస్ అనే ఫ్రేమ్‌వర్కులు క్లాసుల వెతుకులాటనంతా స్టార్టప్ నుంచి తీసి బిల్డ్ సమయానికి జరిపాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను వాటినే చెబుతాను. ఏళ్ల తరబడి రిఫ్లెక్షన్ మీద నడిచిన కోడ్‌కు మాత్రం ఆ దారి తిరగరాయడంతో సమానం. ఇప్పుడైతే ల్యాంబ్డా వెబ్ అడాప్టర్‌తో టామ్‌క్యాట్‌నే పెట్టెలో కూర్చోబెట్టి, 8080 పోర్టు మీద వినేలా చేసి, మధ్యలో ఒక అనువాదకుణ్ని నిలబెట్టవచ్చు. అదీ బాగానే ఉంటుంది.

సర్వ్‌లెట్ పేరు కూడా ఈలోగా మారింది. సర్వ్‌లెట్లు భాగంగా ఉన్న జావా ఈఈ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది. పాత పేరు వాడుకునే హక్కు కుదరక, 2020లో దాని జావాఎక్స్ ప్యాకేజీలు జకార్తా అయ్యాయి. 2022లో స్ప్రింగ్ బూట్ 3 ఆ పేరుకే మారింది. మేమూ మార్చాం. ఇంపోర్ట్ వరసలన్నీ మారాయి, రిక్వెస్ట్ ఆబ్జెక్ట్, రెస్పాన్స్ ఆబ్జెక్ట్ మాత్రం అవే. నా మట్టుకు మా వృత్తిలో ఇన్నేళ్లలో ఎవరైనా చేసిన గొప్ప పని ఆ గీత గీయడమే. స్ప్రింగ్ కన్నా, క్లౌడ్ కన్నా దానికే నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

2025 ఆగస్టు 1 నుంచి అమెజాన్ ఆ తయారీ దశకు కూడా బిల్లు వేస్తోంది. స్టార్టప్‌కు ఇంత అని వరస కట్టి చూడగలిగే రోజు వచ్చింది. మా కుర్రవాళ్లు ఇప్పుడు ఏ క్లాసునైనా స్టార్టప్‌లో చేర్చే ముందు దానికి ఎన్ని మిల్లీసెకన్లో రాసి చూపిస్తారు. క్లాసుల వెతుకులాటను ఆపేసి, జెర్సీకి కావాల్సిన క్లాసుల పేర్లు చేత్తో రాసి ఇచ్చాం. అది కొంచెం శ్రమ, కానీ స్టార్టప్ ఇంకా తేలికైంది.

సీజన్ చివర మండీలకు ఇచ్చే మొత్తం లెక్క మాత్రం ల్యాంబ్డాకు తేలేదు. రైతుల వారీగా, కొన్నవాళ్ల వారీగా సీజన్ చీటీలన్నీ కూడి పేజీలు పేజీలు తయారు చేయాలి. ల్యాంబ్డా ఇచ్చే పదిహేను నిమిషాలు పెద్ద మండీలకు చాలవు. దాన్ని ముక్కలు చేయొచ్చు, కానీ అందులో అర్థం లేదు. దానికి ఒక చిన్న టామ్‌క్యాట్ సర్వర్ ఉంది. సీజన్ ముగిశాక లేపుతాం, లెక్కలన్నీ తేలేదాకా నడుస్తుంది. చీటీల క్లాసులే అందులోనూ ఉన్నాయి, అవే జార్ ఫైళ్లు. అది లేవడానికి నిమిషం పైనే పడుతుంది. దాని జోలికి నేను వెళ్లను.